ఒడిశాలో గృహహింస కేసు ఎక్కడ వెయ్యాలి? పర్లాకిమిడిలోనా, గుణుపురంలోనా?

గుణుపురం సీను: మా పిన్ని కూతుర్ని పర్లాకిమిడిలో ఇచ్చాం. ఆరేళ్లయింది. మొన్న రాత్రి మొగుడు అట్లకాడతో ఎడం చెవి మీద కొట్టాడు. తెల్లారి మొదటి బస్సెక్కి మా ఇంటికొచ్చేసింది. చేతిలో పిల్లాడు, వాడి స్కూలు సంచి, అంతే. పెద్దలు కూర్చుని మాట్లాడదామంటున్నారు. కేసంటే మళ్లీ పర్లాకిమిడి తిరగాలా?

రాయగడ రావు: కేసు జోలికి పోకండి. మా చెల్లి స్టేషన్‌కెళ్తే ఒడియాలో రాసుకున్నారు. దానికి మాట్లాడ్డమే గాని చదవడం రాదు. సంతకం పెట్టేసింది. తర్వాత చదివిస్తే, పీక పిసికాడన్న మాటే లేదు అందులో. మన భాషలో రాయని చోట మనకి న్యాయం ఏటి జరుగుద్ది? పెద్దలైతే తెలుగులో మాట్లాడతారు.

బరంపురం అక్క: సీనూ, పర్లాకిమిడి వెళ్లక్కర్లేదు. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా తలదాచుకున్న చోటైనా మేజిస్ట్రేటు దగ్గర వేసుకోవచ్చు. ఆర్డరు దేశమంతా చెల్లుతుంది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వెయ్యాలి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెబుతారు. రావు గారూ, ఎఫ్ఐఆర్ చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, కాపీ ఊరికే ఇవ్వాలి. మీ చెల్లికి చేసింది తప్పే. అందుకని పెద్దల దగ్గరికా?

రాయగడ రావు: మూడు రోజులా! మా చెల్లికి మొదటి వాయిదాకే నాలుగు నెలలు పట్టింది.

కాశీనగరం: ముందు ఆస్పత్రిలో చెవి చూపించండి. చీటీ దాచండి.

బరంపురం అక్క: పెద్దల సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ వాళ్లకి టీ నేనే పెట్టాను. రెండోసారి కుడిచెయ్యి లేవక ఎడంచేత్తో వడకట్టాను. ఏమైందని ఒక్కరూ అడగలేదు. "సర్దుకుపో అమ్మా" అని గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయారు.

రాయగడ రావు: అందరు పెద్దలూ ఒకలా ఉండరు. మూడు రోజులని రాసి ఆశ పెట్టొద్దంటున్నాను.

గుణుపురం సీను: మూడు రోజుల గొడవ వదిలెయ్యండి బాబూ.

రాయగడ రావు: సరే, కేసు గెలిచాక ఎక్కడుంటుంది?

బరంపురం అక్క: అత్తింట్లోనే ఉండేలా 19వ సెక్షన్ కింద ఆర్డరు అడగొచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వాణ్నే బయటికి పొమ్మని కూడా ఆర్డరివ్వొచ్చు.

రాయగడ రావు: రాత్రి పదింటికి తాగొస్తే ఆ ఆర్డరు అడ్డం నిలబడుద్దా? చదువుకున్నోళ్ల మాటలు!

బరంపురం అక్క: నిలబడదు. రక్షణ ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు, అదీ తర్వాతే. అందుకే పుట్టిల్లు కావాలి. మీ చెల్లి ఇప్పుడెక్కడుందో చెప్పండి.

రాయగడ రావు: అత్తింట్లో. మాది రెండు గదుల ఇల్లు. కొన్నాళ్లు మా దగ్గరే ఉంది. పెద్దల్ని పిలిచింది నేనే. పంపించేసిందీ నేనే.

బరంపురం అక్క: అయితే ఇందాకట్నుంచి ఒడియా గురించి ఎందుకు కొట్టుకుంటున్నాం? మా అన్నయ్యా చోటు లేదనే అన్నాడు. నేను గది అడగలేదు రావు గారూ, వసారా అడిగాను.

గుణుపురం సీను: కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు డాక్టరు. చీటీ తీసుకున్నాం. ధాన్యం బస్తాలు వసారాలోకి లాగి వెనక గది ఇచ్చాం. కేసు గుణుపురంలోనే. పెద్దల్ని రావద్దన్నాను.

రాయగడ రావు: కాయితం ఒడియాలో ఉంటే చదివించుకున్నాకే సంతకం పెట్టమనండి.