పదో తరగతి ఓమ్ నియమానికి తెర చాలా, తీగే కావాలా?

పీఎస్_నకిరేకల్:
ఓమ్ నియమాన్ని ల్యాబ్‌కు బదులు ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద టచ్ తెర) మీద ఫెట్ సిములేషన్‌తోనే (తెర మీదనే సర్క్యూట్ కట్టి చూసే కంప్యూటర్ ప్రయోగం) చెప్పాలని నా ప్రతిపాదన. కొలరాడో యూనివర్సిటీలో ఫింకెల్‌స్టీన్ బృందం 2005లో తేల్చింది ఇదే: సిములేషన్‌లో సర్క్యూట్లు నేర్చుకున్నవాళ్లు భావనల్లోనే కాదు, నిజం సర్క్యూట్ కట్టడంలో కూడా పరికరాలతో నేర్చుకున్నవాళ్ల కంటే ముందున్నారు. నెట్ అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్ ఫైల్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి, బ్రౌజర్‌లో తెరిస్తే సరి. పాత ఫ్లాష్ ఫైళ్ల జోలికి పోవద్దు, 2020 చివర్లోనే ఫ్లాష్ ఆగిపోయింది.

గణితం_దేవరకొండ:
అది కాలేజీ పిల్లల మీద చేసింది సార్. పదో తరగతికి ఎట్ల వర్తిస్తది?

పీఎస్_నకిరేకల్:
బడి పిల్లల మీదనే కావాలంటే ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల ప్రోగ్రాం మీద పరిశోధన ఉంది. మురళీధరన్, సింగ్, గనిమియన్, 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కుల తేడాను కొలిచే ప్రమాణం) మెరుగు.

ఫిజిక్స్_మిర్యాలగూడ:
అందులో సగమే చెప్పిన్రు సార్. అక్కడ వారానికి ఆరు రోజులు, రోజుకు 90 నిమిషాలు. 45 నిమిషాలు పిల్లవాడు ఒక్కడే కంప్యూటర్ ముందు, మిగతా 45 చిన్న గుంపులో మనిషి చెప్పే పాఠం. అదంతా బడి అయ్యాక, అదనంగా. గుజరాత్‌లో లిండెన్ చేసిన అధ్యయనం చూడండి: బడి వేళలో పాఠం తీసేసి కంప్యూటర్ పెడితే పిల్లలు వెనకబడ్డారు, అదే బడి తర్వాత పెడితే బాగుపడ్డారు. మీరు చెప్పేది మొదటి రకం.

బయో_అచ్చంపేట:
పెన్ను సార్ చేతిలో ఉన్నంతసేపు అది సినిమానే.

పీఎస్_నకిరేకల్:
90 నిమిషాల సంగతి పక్కన పెట్టండి. ల్యాబ్‌లో ఏం జరుగుతదో చూద్దాం. పుస్తకంలో 10 సెం.మీ. ఇనుప చువ్వ పెట్టమన్నరు. 2 మి.మీ. సైకిల్ పుల్ల తీసుకుంటే నిరోధం 0.003 ఓమ్‌లకు అటూఇటూ. అంటే సెల్‌ను షార్ట్ చేసినట్టే. అమ్మీటర్ ముల్లు చివరికి పోయి కొట్టుకుంటది, వోల్ట్‌మీటర్ కదలదు, కాసేపటికి సెల్ వేడెక్కి దిగిపోతది. ఆ తర్వాత పిల్లలు పుస్తకం చూసి రీడింగులు రాస్తరు. దాన్ని ప్రయోగం అందామా?

ఫిజిక్స్_మిర్యాలగూడ:
పుల్ల తీసేసి 28 గేజి నిక్రోమ్ తీగ ఒక మీటరు పెట్టండి, సుమారు 10 ఓమ్‌లు వస్తది. ఒక సెల్‌కు 0.15 ఆంపియర్లు, నాలుగు సెల్స్‌కు 0.6. కాబట్టి 0–1 అమ్మీటర్ చాలు. తీగ వేడెక్కితే నిరోధం కొంచెం మారుతది, రీడింగ్ తీసినంతసేపే కీ వేయాలి. కొసలను గరుకు కాగితంతో రుద్ది స్క్రూ కింద బిగించాలి, ఎక్కువగా తప్పు జరిగేది అక్కడే. సిములేషన్‌లో ఏ కాంటాక్టూ వదులు కాదు, వదులైన కాంటాక్ట్ వెతకడం పిల్లలకు ఎప్పటికీ రాదు. అసలు సంగతి, మీకు ల్యాబ్ తాళం తీయడం బరువైంది.

పీఎస్_నకిరేకల్:
ఆ మాట వెనక్కి తీసుకోండి మేడం. 40 మందికి ఒక్క వోల్ట్‌మీటర్, అటెండర్ లేడు. ముందు వరుసలో నలుగురు ముట్టుకుంటరు, మిగతావాళ్లు వాళ్ల వీపులు చూస్తరు. కొత్తది అడిగితే బడ్జెట్ లేదన్న జవాబే.

గణితం_దేవరకొండ:
ప్యానెల్ కూడా ఒకటే కదా సార్, అక్కడ మాత్రం నలభై మందీ ముట్టుకుంటరా?

పీఎస్_నకిరేకల్:
ముట్టుకోకపోయినా పని చేయిస్తా. ముగ్గురికో కాగితం. 9 వోల్టులు, 10 ఓమ్‌లకు కరెంటు ఎంతో ముందు రాయాలి, తర్వాతే నేను స్విచ్ వేస్తా. 0.9 చూశాక నిరోధం 20 చేస్తే ఏమవుతదో మళ్లీ రాయాలి.

ఫిజిక్స్_మిర్యాలగూడ:
తాళం మాట అనకుండా ఉండాల్సింది, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా భయం వేరే సార్. ప్యానెల్‌తో పని జరిగిపోయిందని మనమే రాసిస్తే, వచ్చే ఏడు ఇండెంట్‌లో (సామాను కావాలని పంపే జాబితాలో) వోల్ట్‌మీటర్లు అడిగే నోరు మనకు ఉండదు. ల్యాబ్ గది స్టోర్ రూమ్ అయితది.

పీఎస్_నకిరేకల్:
ఆ మాట మొదలే అంటే సగం పోట్లాట తప్పేది. ఇండెంట్ రాయండి, నేనూ సంతకం పెడతా: పది వోల్ట్‌మీటర్లు, పది అమ్మీటర్లు, నిక్రోమ్ చుట్ట. కానీ ఆ సామాను వచ్చేలోపు ఈ ఏటి పిల్లలు పరీక్ష రాసి పోతరు. వాళ్లకు ప్యానెల్ వద్దంటే నేను ఒప్పుకోను.

ఫిజిక్స్_మిర్యాలగూడ:
వద్దనలేదు. "ల్యాబ్‌కు బదులు" అన్న ముక్క కొట్టేయండి, అప్పుడు నేనూ సంతకం పెడతా.