ఈ హోల్డెన్ సణుగుడు చివరిదాకా ఇంతేనా?

కావలి అమ్మ:
మా వాడు నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. మొన్న ఆదివారం వాణ్ని చూసి వస్తూ, రైల్లో కాలక్షేపానికని పాత పుస్తకాల బండి మీద నలభై రూపాయలకు ఒక నవల కొన్నాను. 1951లో వచ్చిన అమెరికన్ రచయిత సాలింజర్ 'ది క్యాచర్ ఇన్ ది రై'. పదహారేళ్ల హోల్డెన్ అయిదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పాడు, ఇంగ్లీషు ఒక్కటే గట్టెక్కింది. బడి నుంచి తీసేస్తే ఇంటికి పోకుండా న్యూయార్కులో తిరుగుతున్నాడు. కనిపించినవాళ్లందరూ బూటకమే అంటాడు. తనేమో నోరు తెరిస్తే అబద్ధం! బిట్రగుంట చేరేలోపు రెండుసార్లు పుస్తకం మూసేశాను.

చనిపోయిన తమ్ముడి బేస్‌బాల్ గ్లవ్ దగ్గర మాత్రం ఆగిపోయాను. మైదానంలో బంతి రాని వేళ చదువుకోవడానికని ఆ పిల్లవాడు గ్లవ్ నిండా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడట. కావలి వచ్చిందని పక్కావిడ చెప్పాల్సి వచ్చింది.

మిగతాది చదవమంటారా? మా వాడికి ఇవ్వవచ్చా?

ఒంగోలు పాఠకుడు:
చదవండమ్మా. కాలేజీ రోజుల్లో హోల్డెన్ అంటే నేనే అనుకున్నాను. నలభై దాటాక చదివితే, వీడికి ఎవరైనా ఇంత అన్నం పెట్టి పడుకోబెడితే బాగుండుననిపించింది. సెంట్రల్ పార్కు చెరువు గడ్డకడితే బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీ డ్రైవర్లను అడుగుతాడు. ఒకడు వేళాకోళమనుకుంటాడు, ఇంకొకడు చిరాకుపడి చేపల సంగతి ఎత్తుకుంటాడు. చిన్నప్పుడు నేలపట్టులో గూడబాతులను చూసి, ఎండాకాలం ఇవి ఎక్కడుంటాయని నేనూ మా మేష్టారిని అడిగాను. "ముందు లెక్కలు చూసుకో" అన్నారు.

కందుకూరు టీచరు:
నాకు ఆ విసుగు పూర్తిగా పోలేదు. అస్తమానం "నిజం చెప్పాలంటే" అంటాడు. తరగతిలో పైకి చదివినప్పుడు తెలిసింది, తన మాట ఎవరూ నమ్మరనుకునే పిల్లలకు ఆ అలవాటు ఉంటుందని. పదేళ్ల చెల్లెలు ఫీబీ వచ్చేదాకా ఓపిక పట్టండి.

కావలి అమ్మ:
పూర్తిచేశాను. ఫీబీ కోసం కొన్న గ్రామఫోను రికార్డు చేజారి ముక్కలైతే, వాడు ఆ ముక్కలనే జేబులో వేసుకుని తీసుకెళతాడు. ఆ పిల్ల ఇటివ్వమని అడిగి తీసుకుని సొరుగులో దాచుకుంటుంది. అంత చిన్న సంగతికి అన్నం వార్చడం మరిచిపోయాను.

నిన్న పుస్తకం మా వాడికి ఇచ్చాను. "అమ్మా, ఇందులోంచి పరీక్షలో ఏమైనా వస్తుందా?" అన్నాడు. ఏమీ రాదన్నాను. దిండు కింద పెట్టుకున్నాడు.