లండన్‌లోని జార్జియన్ కాలపు ఇల్లు: ఇటుకలతో మూసిన కిటికీ, నేలమాళిగ చెమ్మ, చలి కిటికీలపై సందేహాలు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఉత్తర లండన్‌లో 1820 ప్రాంతంలో, అంటే జార్జి రాజుల పాలన (జార్జియన్) కాలంలో కట్టిన ఒక ఇంటిని మేము ఇటీవల కొనుగోలు చేశాము. వరుసగా కట్టిన ఇళ్ళలో ఇది చివరిది, గ్రేడ్ టూ లిస్టెడ్ (చారిత్రక ప్రాధాన్యం వల్ల చట్టరక్షణ ఉన్న) భవనం. వీధి మలుపు వైపు గోడలో, రెండవ అంతస్తులో, కిటికీ ఆకారం మొత్తం ఇటుకలతో మూసి ఉన్నది. పూర్వం ఇంటికున్న కిటికీల సంఖ్యను బట్టి వేసే కిటికీ పన్ను తప్పించుకోవడానికి మూసివేశారని ఇల్లు చూపించిన ఏజెంటు చెప్పారు. దానిని తెరిపించి గదికి వెలుతురు తెచ్చుకోవచ్చునా? నేలమాళిగ ముందు గోడకు మోకాలి ఎత్తు వరకు చెమ్మ పట్టింది. గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించాలని ఒక కాంట్రాక్టరు అంటున్నారు. ముందు గదుల్లోని పైకీ కిందికీ జరిగే కిటికీల నుండి విపరీతమైన చలి వస్తున్నది కనుక వాటిని తీసివేసి డబుల్ గ్లేజింగ్ (జంట అద్దాల) కిటికీలు పెట్టించాలనుకుంటున్నాము. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సమాధానం

నమస్కారం అండి. పాత ఇళ్ళ మరమ్మతు పనుల్లో చాలాకాలంగా ఉన్నాను. మూడింటిలో దేనికీ ఇంకా డబ్బు ఖర్చు చేయవద్దని ముందుగా మనవి చేస్తున్నాను.

కిటికీ పన్ను నిజమే. అది 1696లో మొదలై 1851 వరకు కొనసాగింది, దాని కారణంగా మూసిన కిటికీలు కూడా ఉన్నాయి. అయితే ఆ కాలపు ఇళ్ళలో కనిపించే మూసిన కిటికీల్లో అనేకం మొదటి నుండీ అలాగే కట్టినవి. ఇంటి ముఖం నిండుగా, రెండు వైపులా సమంగా కనబడడం ఆనాటి నిర్మాతలకు ప్రాణప్రదమైన విషయం. ఇంగ్లండులోని బాత్ నగరంలో వాస్తుశిల్పి జాన్ వుడ్ (అదే పేరు గల తండ్రికి కుమారుడు) రూపొందించిన రాయల్ క్రెసెంట్ అనే వంపు తిరిగిన ఇళ్ళ వరుసలోని 30 ఇళ్ళు వీధి వైపు ఒకే రాజభవనంలా కనిపిస్తాయి, వెనుకకు వెళ్ళి చూస్తే ఏ ఇంటికి ఆ ఇల్లు వేరుగా ఉంటుంది. మీ ఇంటి పక్కగోడ కూడా వీధికి కనబడేదే కనుక, మొత్తం చదునుగా వదిలివేయకుండా కిటికీ ఆకారం ఇచ్చి ఉండవచ్చు.

తేల్చుకోవడానికి లోపలి నుండి చూడండి. ఆ చోట గోడ గదిలోకి ముందుకు పొడుచుకు వచ్చి, దాని దిగువ అంతస్తులో నిప్పుగూడు ఉన్నట్లయితే, ఆ ఇటుకల వెనుక చిమ్నీ గొట్టం పైకి వెళుతున్నదని అర్థం, అక్కడ కిటికీ ఎన్నడూ ఉండి ఉండదు. లోపలి గోడ చదునుగా ఉండి, కిటికీని లోపలి నుండి మూసే చెక్క రెక్కలు మడిచే పెట్టె ఆనవాళ్ళు ఉంటే, బయట మూసిన ఇటుకలు పక్క ఇటుకలతో అల్లుకోకుండా నిలువు గీతలా విడిగా కనిపిస్తే, తరువాతి కాలంలో మూసినదని అనుకోవచ్చు.

ఇక చెమ్మ. రసాయనం ఎక్కించడానికి తొందరపడవద్దు. ఆ కాలపు గోడల మధ్య ఖాళీ ఉండదు, మొత్తం ఇటుక, సున్నం. వాన నీరు కొంత పీల్చుకున్నా మళ్ళీ గాలికి ఆరిపోయేలా కట్టారు. లోపల సిమెంటు ప్లాస్టరు వేస్తే, మీద ప్లాస్టిక్ రంగు పూస్తే, నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి పైకి ఎగబాకుతుంది. మన ఊళ్ళలో గానుగ సున్నంతో కట్టిన పాత మండువా ఇళ్ళకు సిమెంటు పూసినప్పుడు పెచ్చులూడడం చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. తేమ కొలిచే చిన్న మీటరును నమ్ముకుని నిర్ణయించవద్దు, గోడలో లవణాలు పేరుకుంటే అది ఎక్కువ అంకె చూపిస్తుంది.

ముందు నీరు ఎక్కడి నుండి వస్తున్నదో వెతకండి. వీధికీ నేలమాళిగకూ మధ్య మెట్లు దిగే లోతైన చిన్న ఆవరణ ఉంటుంది కదా, దాని కాలువ ఆకులతో పూడిపోయిందేమో, ఎవరైనా దాని నేలను కాంక్రీటుతో ఎత్తు పెంచారేమో చూడండి. వాన జోరుగా కురిసేటప్పుడు గొడుగు వేసుకుని పై నుండి దిగే గొట్టాన్ని అతుకు అతుకు దగ్గరా పరిశీలించండి. పిట్టగోడ వెనుక దాగిన సీసపు కాలువను కూడా శుభ్రం చేయించాలి.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు అండి. మీరన్నట్లే మూసిన కిటికీకి సరిగ్గా దిగువన నిప్పుగూడు ఉన్నది, గోడ కూడా ముందుకు వచ్చి ఉన్నది. ముందు ఆవరణలో కాలువ జాలీ మట్టితో నిండిపోయింది, గొట్టం కింది అతుకు దగ్గర ఇటుకలు పచ్చగా నాచు పట్టి ఉన్నాయి. కిటికీల మాట ఏమంటారు?

సమాధానం

అయితే ఆ కిటికీ జోలికి వెళ్ళవద్దు. కాలువ, గొట్టం బాగు చేయించి, గోడకు సిమెంటు ప్లాస్టరు ఉంటే అనుమతి తీసుకుని దానిని తొలగించి, గోడను నెలల తరబడి ఆరనిచ్చి, ఆ తరువాత సున్నపు ప్లాస్టరు వేయించండి.

కిటికీల విషయంలో ఒక్క మనవి. ఇరుపక్కల చెక్క పెట్టెల్లో తాళ్ళకు వేలాడే ఇనుప గుండ్లు అద్దం బరువుకు సరితూగేలా అమర్చినవి. బరువైన జంట అద్దాలు బిగిస్తే ఆ తూకం తప్పుతుంది, అద్దాల మధ్య సన్నని చెక్క పట్టీలను లావు చేయవలసి వస్తుంది. అగ్ని ప్రమాదాల భయంతో 1774 నాటి చట్టం కిటికీ పెట్టెను ఇటుక వెనుక దాచమన్నది కనుక, వీధి నుండి చూస్తే సన్నని చెక్క అంచు మాత్రమే కనిపిస్తుంది. ఆ అందమే పోతుంది. చలి చాలావరకు సందుల నుండి వస్తుంది. వడ్రంగి చేత సందులకు బ్రష్ పట్టీలు వేయించండి, లోపలివైపు విడిగా రెండో అద్దపు చట్రం బిగించే సంగతి విచారించండి. రంగు పూతలతో అతుక్కుపోయిన పాత చెక్క రెక్కలు గోడ పెట్టెల్లో ఉంటే వాటిని విడిపించి రాత్రివేళ మూసుకోండి, ఎంతో తేడా తెలుస్తుంది.

మరొక సభ్యులు

అనుమతి గురించి చేరుస్తున్నాను. లిస్టెడ్ భవనమంటే వీధికి కనబడే ముందు భాగం ఒక్కటే కాదు, లోపలి మెట్లు, ప్లాస్టరు, తలుపులు అన్నీ రక్షణలో ఉంటాయి. భవనం స్వభావాన్ని మార్చే పనిని అనుమతి లేకుండా చేయడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. ఇంగ్లండులో ఆ అనుమతి దరఖాస్తుకు రుసుము లేదు. మీ స్థానిక కౌన్సిలులో పాత భవనాల పరిరక్షణ చూసే కన్జర్వేషన్ అధికారితో ముందుగా మాట్లాడండి. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పులను సరిదిద్దమనే నోటీసు ఇప్పటి యజమానికి కూడా రావచ్చు, దానికి కాలపరిమితి లేదు. కనుక గోడకు సిమెంటు ప్లాస్టరు ఉంటే, దానికి అనుమతి పత్రం ఉన్నదేమో మీ సొలిసిటర్‌ను (న్యాయవాదిని) వెంటనే అడగండి.