ఇంటి లోపల కుండీలో నిమ్మ: కాస్తుందా, ఆ కాయ తినొచ్చా?

మూడో అంతస్తు (అనంతపురం)
మాది అద్దె ఫ్లాట్. మిద్దె తాళం ఓనరు దగ్గరే ఉంటుంది. రెండేళ్ళ కింద నిమ్మ అంటు తెచ్చి హాల్లో తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. పోయినేడు పూతంతా రాలింది. ఈసారి నాలుగు కాయలు నిలిచాయి. పోయిన నెల పిండినల్లి పడితే షాపులో ఇచ్చిన మందు చెట్టు మొదట్లో పోశాను. ముళ్ళ చెట్టు ఇంట్లో ఉండకూడదనీ, మందు కొట్టిన కాయ పిల్లోడికి పెట్టొద్దనీ మా అత్తమ్మ. తినొచ్చా?

చీనీ తోట (నార్పల)
అక్కా, ఇంట్లో నిమ్మ అంటేనే నేను ఒప్పుకోను. చీనీకైనా నిమ్మకైనా రోజుకు ఆరేడు గంటల ఎండ నేరుగా తగలాలి. హాల్లో మన కంటికి వెలుతురు అనిపించేది చెట్టుకు నీడే. నాలుగు కాయల కోసం రెండేళ్ళు చెట్టును కష్టపెట్టడం ఎందుకు?

మిద్దె తోట (కడప)
అన్నా, మిద్దె లేనివాళ్ళు చెట్టే పెంచకూడదంటే ఎట్లా? 2022 ఏప్రిల్‌లో కిలో నిమ్మ రెండు వందలు దాటినప్పుడు కుండీలో ఉన్న పది కాయలే మా ఇంటికి మజ్జిగలోకి, అన్నంలోకి ఆదుకున్నాయి. కిటికీలో కాస్తుంది, కాకపోతే కిటికీ ఏదో చూసుకోవాలి. చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలుతుంది కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలికంటా వస్తుంది. మేలో నడినెత్తికి వస్తుంది, లోపలికి రాదు. అప్పుడు బాల్కనీ చూసుకోవాలి. తేనెటీగ రాకపోయినా పర్వాలేదు, నిమ్మ తన పుప్పొడితోనే కాయ కడుతుంది. మెత్తటి బ్రష్‌తో పూలను తాకిస్తే ఇంకా మంచిది.

మన దగ్గర అసలు గొడవ నీళ్ళది. బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరిగితే ఆ సున్నం వల్ల చెట్టుకు ఇనుము అందట్లేదని అర్థం. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు అస్సలు పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

కాయల విషయంలో మాత్రం మీ అత్తమ్మ మాటే నాది. పైన కొట్టే వేపనూనె, సబ్బు నీళ్ళు కడిగితే పోతాయి. వేళ్ళకు పోసే మందుల్లో చాలావరకు చెట్టు రసంలో కలిసిపోయే రకాలే, కడిగినా పోవు. సీసా మీద పంట పేరు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు ఉంటాయి, చూడండి. సీసా మీదుండే రంగు త్రికోణం విషం ఎంత ఘాటో చెబుతుంది గానీ ఎన్ని రోజులు ఆగాలో చెప్పదు. నిమ్మ పేరు లేకపోతే ఆ కాయలు వద్దు.

చీనీ తోట (నార్పల)
మందు మాట నిజం. ఎండ మాట నేను వదలను. ఇంకోటి, నిమ్మకు ముళ్ళు సహజమే, కానీ అంటు కట్టు కింద నుంచి ముళ్ళ కొమ్మ లేస్తే అది వేరు కోసం వాడిన కింది మొక్కది. ఆ కింది మొక్క రంగపూర్ నిమ్మ అయినా జంబేరి నిమ్మ అయినా, దాని కొమ్మను ఉంచితే పై నిమ్మను మింగేస్తుంది. మొదలంటా తీసేయండి.

మూడో అంతస్తు (అనంతపురం)
చూశాను. సీసా మీద పూల మొక్కలకు అని మాత్రమే ఉంది. నాలుగు కాయలూ కోసి పారేశాను, పిల్లోడు ఏడ్చాడు. కట్టు కింద రెండు కొమ్మలు కనిపించాయి, తీసేశాను. ముళ్ళన్నీ వాటివే. మిద్దె తాళం అడిగితే ఓనరు ఆదివారం మాట్లాడదామన్నారు.