నాలుగేళ్ళ పిల్లకు ఇంగ్లీషులో పలకరింపులూ స్వపరిచయమూ నేర్పించాలా? – చర్చ

తూర్పుగాలి:
సభ్యులందరికీ నమస్కారం. మేము రాజోలు దగ్గర ఒక ఊళ్ళో ఉంటాము. వచ్చే జూన్‌కు మా పాపకు నాలుగేళ్ళు నిండుతాయి. ఎల్.కె.జి.లో చేర్చడానికి ఒక ప్రైవేటు బడికి వెళితే, అక్కడి ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, పాపను చూపించడానికి తీసుకువచ్చే నాటికి ఇందులో ఉన్నవన్నీ తడబడకుండా చెప్పాలన్నారు. కాగితంలో ఉన్నది ఇది: "గుడ్ మార్నింగ్ మేడమ్. మై నేమ్ ఈజ్ ఫలానా. ఐ యామ్ ఫోర్ ఇయర్స్ ఓల్డ్. మై ఫాదర్ ఈజ్ ఫలానా. మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. ఐ లివ్ ఇన్ ఫలానా ఊరు. థాంక్యూ మేడమ్." ఇంట్లో గలగలా మాట్లాడే పాప ఈ కాగితం తీయగానే నోరు మెదపదు. ఇంత చిన్న వయసులో ఇవి నేర్పడం మంచిదేనా? నేర్పవలసి వస్తే ఎలా నేర్పాలి? తెలిసినవారు చెప్పగలరు.

పలకాబలపం:
తూర్పుగాలి గారూ, నేర్పవద్దన్నదే నా సలహా. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చెబుతున్నాను కాబట్టి ఈ పలకరింపుల తంతు ప్రతి ఏడాదీ నా కళ్ళ ముందే జరుగుతుంది. తరగతిలోకి ఎవరు వచ్చినా పిల్లలందరూ లేచి నిలబడి, ఒకే రాగంలో సాగదీసి "గుడ్ మార్నింగ్ సార్" అంటారు. మధ్యాహ్న భోజనం అయిన తరువాత వచ్చినా, వచ్చినది మేడమ్ అయినా ఆ రాగం మారదు. "వాట్ ఈజ్ యువర్ నేమ్" అంటే ఠక్కున పేరు చెబుతారు. పక్కనున్న పిల్లవాణ్ణి చూపించి "వాట్ ఈజ్ హిజ్ నేమ్" అని అడిగితే మళ్ళీ తమ పేరే చెబుతారు. చెవికి పట్టిన వరుసే తప్ప, ఎవరు ఎవరిని ఏమి అడుగుతున్నారన్న స్పృహ అందులో లేదు. ఆ పిల్లలే తెలుగులో అయితే కొత్త మనిషి కనిపించగానే ఎవరింటికి వచ్చారు, ఈ బండి మీదేనా, మీకు పిల్లలున్నారా అని చుట్టుముట్టి అడుగుతారు. పలకరింపు అంటే అది.

బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో ఉంది. వీలున్న చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, చేర్చుకోవడానికి పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్ష పెట్టడాన్ని అదే చట్టం 13వ సెక్షను నిషేధించింది. మొదటిసారి తప్పు చేస్తే 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. మీకు కాగితం ఇచ్చినవారు చేసినది చట్టం ఒప్పుకోని పని.

అచ్చుతప్పు:
పలకాబలపం గారు చట్టాన్ని సగమే చెప్పారు. ఆ చట్టంలో "బాలలు" అంటే 6 నుంచి 14 ఏళ్ళ మధ్య వయసువారని 2వ సెక్షనులోనే నిర్వచనం ఉంది. నాలుగేళ్ళ పాపకు 13వ సెక్షను వర్తిస్తుందని అంత నిశ్చయంగా ఎలా చెబుతున్నారు?

ఇక ఇంగ్లీషు సంగతి. నేర్పడమంటూ జరిగితే తప్పులు లేకుండా నేర్పాలి. మన బడుల్లో "మైసెల్ఫ్ రమేష్" అనీ, "మై ఫాదర్ నేమ్ ఈజ్" అనీ నేర్పుతున్నారు. రాత్రి ఎవరైనా ఇంటికి రాగానే "గుడ్ నైట్" చెప్పిస్తున్నారు. అది సెలవు తీసుకునేటప్పుడు అనవలసిన మాట. చిన్నప్పుడు నాలుకకు పట్టిన తప్పు పెద్దయ్యాక వదలదు.

మెట్టపొలం:
అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే కుటుంబం మాది. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పాలిటెక్నిక్ డిప్లొమా మంచి మార్కులతో ముగించాను. ఉద్యోగాలు ఇవ్వడానికి ఒక కంపెనీ వారు కాలేజీకి వచ్చినప్పుడు వారు అడిగిన మొదటి మాట "నీ గురించి చెప్పు" అని, అదీ ఇంగ్లీషులో. మోటారు వైండింగ్ గురించి గంట సేపు చెప్పగలిగిన నేను, నా పేరు తరువాత రెండో వాక్యం కూడా చెప్పలేక చెమటలు కక్కుతూ కూర్చున్నాను. నాకంటే తక్కువ మార్కులు వచ్చి, కాన్వెంటులో చదివిన ఇద్దరిని తీసుకున్నారు. ఆ రోజు నన్ను ఆదుకున్న సెక్షను ఏదీ లేదు.

పలకాబలపం గారికి పిల్లలు రాగాలు తీస్తున్నట్లు వినిపిస్తున్నదేమో గాని, నాకు మాత్రం భయం పోయిన గొంతులు వినిపిస్తాయి. తప్పో ఒప్పో, కొత్తవారి ఎదుట నిలబడి ఇంగ్లీషులో నోరు తెరవడం నాలుగేళ్ళకే అలవాటైతే, ఇరవై ఏళ్ళకు నాకు పట్టిన గతి పట్టదు. కాకినాడ జిల్లాలోని బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు 2022లో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడడం రాష్ట్రమంతా చూసింది. వారూ సర్కారు బడి పిల్లలే.

చిన్నక్క:
మెట్టపొలం గారు చెప్పిన అనుభవం మా ఇంట్లో కూడా ఉంది. నేర్పించండమ్మా, సంకోచించవద్దు.

పలకాబలపం:
బెండపూడి పిల్లలు హైస్కూలు పిల్లలు. తెలుగు చదవడం, రాయడం వచ్చి, వ్యాకరణం అంటే ఏమిటో తెలిసిన వయసులో రోజూ సాధన చేసి నేర్చుకున్నారు. వారి ఉపాధ్యాయుడి శ్రమ నాకు గౌరవనీయమే. అయితే ఆ ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది: ముందు ఇంటి భాష గట్టిపడితే రెండో భాష పదేళ్ళకో పన్నెండేళ్ళకో మొదలుపెట్టినా వస్తుంది. మీరు తడబడింది నాలుగేళ్ళప్పుడు "గుడ్ మార్నింగ్" నేర్పనందుకు కాదు, పాలిటెక్నిక్‌లో మూడేళ్ళూ ఒక్కరూ మీ చేత మాట్లాడించనందుకు.

అచ్చుతప్పు గారికి: బడి ప్రీ ప్రైమరీ నుంచే నడిపితే, 12వ సెక్షను ప్రకారం పిల్లలను చేర్చుకునే బాధ్యత ఆ తరగతులకూ వర్తిస్తుందని అదే చట్టంలో ఉంది.

అచ్చుతప్పు:
అది 12వ సెక్షను. నేను అడిగినది 13వ సెక్షను. రెండూ ఒకటి కావు.

ఆవలితీరం:
డల్లాస్ నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి మూడున్నరేళ్ళప్పుడు ఇక్కడి ప్రీస్కూలులో చేరే నాటికి వాడికి తెలుగు తప్ప మరొకటి రాదు. కొన్ని నెలల పాటు బడిలో నోరు విప్పలేదు. మేము కంగారు పడితే, వింటున్నాడు, విననివ్వండి అని టీచరు చెప్పారు. ఆ తరువాత వాడి నోట మొదట వచ్చినది "గుడ్ మార్నింగ్" కాదు, బొమ్మ కారు కోసం "మై టర్న్". పేరు చెప్పడం చాలా ఆలస్యంగా వచ్చింది, ఎందుకంటే వాడికి దానితో పని పడలేదు.

ఈ విషయంలో లిలీ వాంగ్ ఫిల్మోర్ అనే భాషావేత్త 1976లో చేసిన పరిశీలన చెప్పుకోదగినది. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే ఐదుగురు చిన్నపిల్లలు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారో ఆమె గమనించారు. ఆ పిల్లలు తోటివారితో ఆడుకోవడానికి అవసరమైన మాటలను ముక్కలుగా కాక, మొత్తంగా పట్టుకుని వాడారు. తరువాత మెల్లగా ఆ ముద్దను విడగొట్టి, లోపలి పదాలతో కొత్త వాక్యాలు కట్టుకున్నారు. కాబట్టి చిన్నపిల్లలు వాక్యాన్ని ముద్దగా పట్టుకోవడం తప్పు కాదు. ఆ వాక్యంతో వారికి ఏదైనా పని జరగాలి, అంతే.

మెట్టపొలం:
అయితే బట్టీ పనికివస్తుందని మీ పరిశోధకురాలే ఒప్పుకున్నారు కదా. పలకాబలపం గారు దీనికి ఏమంటారు?

పలకాబలపం:
పని జరగాలి అన్న మాటను మీరు వదిలేశారు. డల్లాస్‌లో చుట్టూ ఉన్నవారంతా ఇంగ్లీషు మాట్లాడతారు. అక్కడ ముద్దగా పట్టిన వాక్యాన్ని పిల్లవాడు రోజుకు వందచోట్ల పరీక్షించుకుంటాడు. మా ఊరి పిల్ల "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్న తరువాత మళ్ళీ ఇంగ్లీషు వినేది మర్నాడు ఉదయమే. అందుకే అది ఎన్నేళ్ళయినా ముద్దగానే ఉండిపోతుంది.

మెట్టపొలం:
బయట ఇంగ్లీషు లేదు కాబట్టే బడిలో కావాలి అంటున్నాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మీకు ఎక్కదు. 2019లో ప్రభుత్వం ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం అని ఉత్తర్వు ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. అప్పుడు మాతృభాష గురించి పెద్దపెద్ద వ్యాసాలు రాసినవారిలో ఎంతమంది తమ పిల్లలను తెలుగు మాధ్యమంలో చదివించారు? మీ పిల్లలు ఎక్కడ చదివారో సూటిగా చెప్పండి.

పలకాబలపం:
మా అమ్మాయి ఐదో తరగతి వరకు నేను పనిచేసే బడిలోనే, తెలుగులోనే చదివింది. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. మనిషి ఎవరో తెలియకుండా ఇలాంటి నిందలు వేయడం తగదు.

మెట్టపొలం:
మీ అమ్మాయికి బడి నుంచి వచ్చాక ఇంట్లో మీరు ఉన్నారు. పుస్తకాలున్నాయి, తెలియనిది అడిగితే చెప్పే తండ్రి ఉన్నాడు. మా నాన్నకు సంతకం కూడా రాదు. మీ అమ్మాయికి అక్కరలేనిది మా వంటి పిల్లలకు కావాలి. మీరు నేర్పకపోతే మాకు నేర్పేవారు ఎక్కడా లేరు. నాకు కోపం ఇందుకే గాని, తెలుగు మీద కాదు.

ఏడుమెట్లు:
నల్లగొండ జిల్లాలో అంగన్‌వాడీ టీచరును. ఇద్దరూ పెద్దల మాటే మాట్లాడుతున్నారు. మా కేంద్రంలో మేము జవాబు కంటే ముందు ప్రశ్న నేర్పుతాము. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి బంతి ఇస్తాము. బంతి ఎవరి చేతిలో ఉంటే వారు తమకు ఇష్టమైన వారి వైపు దొర్లించి "వాట్ ఈజ్ యువర్ నేమ్" అని అడగాలి. బంతి కావాలంటే పేరు చెప్పాలి, చెప్పాక మరొకరిని అడగవచ్చు. సిగ్గుపడే పిల్ల తన బొమ్మ పేరు చెప్పినా సరే. కొన్నాళ్ళకు వంట చేసే ఆయమ్మను కూడా కూర్చోబెట్టి అడుగుతారు. పిల్లలు ఉదయం ఒక్కొక్కరుగా వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే వంగి, కళ్ళలోకి చూసి "హలో" అంటాను. వారు తెలుగులో బదులిచ్చినా దిద్దను. అందరినీ లేపి నిలబెట్టడం మానేశాను. మాకు వచ్చిన ఇంగ్లీషు ఇంతే, ఇంతవరకు హాయిగానే నడుస్తోంది.

లంకపిల్ల:
ఇంతమంది రాశారు గాని, ఆ కాగితంలోని నాలుగో, ఐదో వాక్యాల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను కోనసీమ దానను. మా అమ్మ నా చిన్నతనమంతా కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపించింది. బడిలో స్వపరిచయం చెప్పించేటప్పుడు "మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్" అని ఉండేది. మా అమ్మ ఇంట్లో లేదు, కువైట్‌లో ఉంది అని చెబితే, పుస్తకంలో ఉన్నట్లే చెప్పు అన్నారు టీచరు. వార్షికోత్సవంలో వేదిక మీద అదే చెప్పాను. నాకు ఇంగ్లీషు వచ్చింది, మంచి ఉద్యోగమూ వచ్చింది. కాని మా అమ్మ కష్టాన్ని దాచిపెట్టమని నేర్పినది ఆ మొదటి పరిచయమే. తెలుగులో చెప్పించినా అది తప్పే. నాలుగేళ్ళ పిల్ల తన పరిచయంలో తండ్రి ఉద్యోగం ఎందుకు చెప్పాలి?

తూర్పుగాలి:
లంకపిల్ల గారూ, మొదట రాసినప్పుడు ఈ సంగతి రాయడానికి మనసు ఒప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మా ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. కాగితంలో "మై ఫాదర్ ఈజ్" తరువాత ఖాళీ ఉంటే ఏమి చెప్పించాలని ఆఫీసులో అడిగాను. వివరం విని, "బిజినెస్ అని చెప్పించండి, మేడమ్ వింటారు" అన్నారు. ఆయన నా పక్కనే ఉన్నారు. అప్పటి నుంచి పాపకు నేర్పేటప్పుడు ఆయన ఆ గదిలో ఉండడం లేదు. పాప ఎక్కడ ఆగిపోతోందో కాదు, ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి నేనే ఆగిపోతున్నాను.

పలకాబలపం:
అమ్మా, ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను రాగాల గురించి, సెక్షన్ల గురించి అంతసేపు రాసేవాణ్ణి కాదు. దయచేసి ఆ బడికి వెళ్ళకండి. ఆ కాగితం దాచి ఉంచండి. మండల విద్యాశాఖాధికారికి ఫిర్యాదు రాయడానికి నేను సాయం చేస్తాను. పిల్లను గుమ్మంలో నిలబెట్టి తండ్రి పని అడిగి లోపలికి రానిచ్చే పద్ధతే పోవాలి. మీరు నేర్పించుకుని వెళ్ళినంతకాలం అది పోదు.

మెట్టపొలం:
ఇక్కడే మీతో నాకు పేచీ. ఆ పద్ధతి పోవాలని నేనూ అంటాను. అది పోయేవరకు ఈ పిల్ల ఎక్కడ కూర్చోవాలి? ఫిర్యాదు ఇస్తే బడివారు చక్కబడతారో లేదో తెలియదు గాని, ఆ ఊళ్ళో ఆ కుటుంబం పేరు మాత్రం పడిపోతుంది. దింపు పనికి పిలిచే తోటల యజమానుల పిల్లలూ అదే బడిలో ఉంటారు. మీరు నెల జీతం మీద ఉండి ఇవ్వగల సలహా అది.

తూర్పుగాలి గారూ, పాపకు ఏడుమెట్లు గారు చెప్పిన బంతి ఆట ఆడించండి, "హలో"తో మొదలుపెట్టండి. నాన్న పని చెప్పించదలిస్తే ఉన్నది ఉన్నట్లు, చెట్టెక్కి కొబ్బరికాయలు దింపుతాడని చిన్న ఇంగ్లీషు వాక్యంలో చెప్పించండి, ఆయననూ గదిలోకి పిలిచి చెప్పించండి. ఆ పని సిగ్గుపడవలసినది కాదు. దానికి కూడా సీటు ఇవ్వకపోతే అప్పుడు ఫిర్యాదు మాట ఆలోచించవచ్చు.

అచ్చుతప్పు:
ఆ వాక్యం "మై ఫాదర్ పిక్స్ కోకోనట్స్" అని ఉంటే సరిపోతుంది. "ఈజ్ పికింగ్" అని నేర్పవద్దు, అది ఈ క్షణంలో జరుగుతున్న పని అవుతుంది.

లంకపిల్ల:
అసలు ఆ వాక్యమే వద్దు అంటున్నాను. నిజం చెప్పించినా, ఆ మేడమ్ ఆ మాట వింటూ మనసులో ఒక లెక్క వేసుకుంటుంది, పిల్ల ఆమె ముఖం చూస్తుంది. పేరు, ఇష్టమైన ఆట, మళ్ళీ ఎదుటివారి పేరు అడగడం – ఈ మూడు చాలు.

మెట్టపొలం:
మీ మూడు వాక్యాలకు నేను ఒప్పుకుంటాను. ఫిర్యాదు మాత్రం సీటు తేలేవరకు వద్దు.

పలకాబలపం:
సీటు వచ్చాక ఫిర్యాదు చేసిన తల్లిదండ్రులను నా సర్వీసులో చూడలేదు. తూర్పుగాలి గారు అడిగితే ఫిర్యాదు ప్రతి ఈ రాత్రికే రాసి పంపుతాను. ఇవ్వాలా వద్దా అన్నది వారి ఇష్టం.

తూర్పుగాలి:
పంపండి మాస్టారూ. ఆయనకు చదివి వినిపిస్తాను.