ఒకే పాకెట్‌ని క్యామ్ రెండుగా ఎందుకు చూపిస్తోంది?

ప్రశ్న:
స్టెప్ ఫైల్‌గా (వేర్వేరు క్యాడ్ సాఫ్ట్‌వేర్లు చదవగల 3డి మోడల్ ఫైల్) వచ్చిన ఒక అల్యూమినియం పార్ట్‌ మీద మా క్యామ్‌లో (మెషిన్‌కి కటింగ్ ప్లాన్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఆటోమేటిక్ ఫీచర్ రికగ్నిషన్ నడిపాను, అంటే పాకెట్లు, హోల్స్ లాంటి ఆకారాల్ని తనే గుర్తుపట్టే పని. 12 మి.మీ. లోతు పాకెట్ (చుట్టూ గోడలున్న గుంట), దాని మధ్యగా ఈ చివర నుంచి ఆ చివరకి 16 మి.మీ. లోతు స్లాట్ (గాడి). స్లాట్ సరిగ్గానే దొరికింది. పాకెట్‌ని మాత్రం రెండు ఓపెన్ పాకెట్లుగా విడగొట్టింది. పైగా ఎం10 ట్యాప్ కొట్టాల్సిన (లోపల మరలు తీయాల్సిన) హోల్స్‌ని ఉత్త 8.5 డ్రిల్ హోల్స్ అంటోంది. టాలరెన్స్ సెట్టింగ్ మార్చి చూశా, తేడా లేదు. తప్పు మోడల్‌లో ఉందా, సాఫ్ట్‌వేర్‌లోనా?

జవాబు 1:
రెండింటిలోనూ లేదండీ. మీ ఫైల్లో ఉన్నవి తలాలు, అంచులు, ఏ తలం పక్కన ఏది ఉందన్న సమాచారం, అంతే. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా చూసేది, ఒక్కో అంచు దగ్గర రెండు తలాలు లోపలి మూల కడుతున్నాయా, బయటి మూల కడుతున్నాయా అని. అడుగు చుట్టూ అన్నీ లోపలి మూలలే అయితే అది పాకెట్. పరిశోధకులు జోషి, చాంగ్ 1988లో ప్రచురించిన గ్రాఫ్ పద్ధతికి ఇదే ఆధారం.

మీ స్లాట్ లోతు ఎక్కువ కాబట్టి పాకెట్ అడుగు రెండు ముక్కలైంది. ఒక్కో ముక్కకి మూడు వైపులే గోడ మిగిలింది. నాలుగో అంచు స్లాట్‌లోకి దిగిపోతోంది, అంటే బయటి మూల. అందుకే ఓపెన్ పాకెట్ అంది.

నన్నడిగితే అది మంచి సమాధానమే. స్లాట్ ముందు కొడితే కట్టర్ ఆ వైపు నుంచి పక్కగా లోపలికి వస్తుంది, మెటల్‌లోకి నిలువుగా దిగే పనే లేదు. పాకెట్ ముందైతే స్క్రూలా తిరుగుతూ హెలికల్‌గా దిగాలి, కానీ ఆ తర్వాత పాకెట్ మేరకు స్లాట్‌కి మిగిలేది 4 మి.మీ. మాత్రమే. ఒకే ఆకారం, రెండు సరైన ప్లాన్లు. జాబ్ ఎలా బిగించారో, ఏ కట్టర్ ఉందో ఆ ఫైల్‌కి తెలియదు. కాబట్టి ఎంచుకోవాల్సింది మీరే.

జవాబు 2:
ట్యాప్ సంగతి నేను చెప్తాను. ఎం10కి పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.5, కాబట్టి డ్రిల్ 10 - 1.5 = 8.5. డిజైనర్లు చాలామంది మోడల్‌లో మరలు గీయరు, ఆ సిలిండర్ ఒక్కటే వదిలేస్తారు. మామూలు 8.5 హోల్‌కీ దానికీ జామెట్రీలో తేడా ఏమీ ఉండదు. థ్రెడ్, ఫిట్ వివరాలు మోడల్‌తోపాటే రావాలంటే స్టెప్‌లోనే ఏపీ242 అనే రకంలో పంపమనండి. అది కుదరకపోతే ట్యాప్ హోల్స్‌కి వేరే రంగు వేయించండి. రంగుని బట్టి ఆపరేషన్ ఎంచుకునే వీలు కొన్ని క్యామ్‌లలో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, స్లాట్ ముందు పెట్టేస్తాను. ఇంకో డౌట్. అడుగున ఫిల్లెట్ (మూలని గుండ్రం చేసిన వంపు) ఉన్న పార్ట్‌లో అసలు పాకెట్టే దొరకడం లేదు, అదెందుకు?

జవాబు 1:
ఫిల్లెట్ వచ్చాక ఆ లోపలి మూలే ఉండదు కదా. గోడ నునుపుగా వంగి అడుగులో కలిసిపోతుంది, వెతకడానికి మూల కట్టే అంచు మిగలదు. స్టెప్‌లో మోడల్‌ని ఏ వరసలో కట్టారన్న హిస్టరీ రాదు కాబట్టి ఫిల్లెట్‌ని సప్రెస్ చేయలేరు (తాత్కాలికంగా ఆపేయలేరు). ఒక కాపీలో తలాన్ని తీసేసే డిలీట్ ఫేస్‌తో ఫిల్లెట్లు తీసేసి రికగ్నిషన్ నడపండి. ఫినిషింగ్ మాత్రం అసలు మోడల్ మీదే పెట్టండి. ఫిల్లెట్ ఆర్2 (రేడియస్ 2 మి.మీ.) అయితే కార్నర్ రేడియస్ 2 ఉన్న బుల్‌నోస్ కట్టర్ సరిపోతుంది.