బీవర్ చెరువు దగ్గర ఎప్పుడు కూర్చోవాలి, ఏం చూడాలి?

కొత్తబైనాక్యులర్:

అందరికీ నమస్కారం. నేను తరచూ నడకకి వెళ్లే అడవి దారి చివర ఒక బీవర్ చెరువు ఉంది, అంటే చెట్లు కొరికి వాగుకి అడ్డంగా కట్ట కట్టే పెద్ద ఎలుకజాతి జంతువు నిలిపిన చెరువు. కట్ట గట్టిగానే ఉంది, నీళ్ల మధ్యలో కర్రలు పోగేసినట్టు పెద్ద గూడు ఉంది, ఒడ్డు పొడవునా కొరికి పడేసిన చెట్ల మొదళ్లు, వాటి పక్కన పేళ్ల కుప్పలు. అన్నీ ఉన్నాయి, బీవర్ మాత్రం కనిపించట్లేదు. నాకు వీలు దొరికేది మధ్యాహ్నం పూట, అందుకని అప్పుడే వెళ్లి కాసేపు నిలబడి వచ్చేస్తున్నా.

అసలు ఆ గూట్లో ఏవైనా ఉంటున్నాయో లేదో బయటినుంచి చూసి చెప్పగలమా? బీవర్ ఒక్కటే కాదు, ఆ చెరువు చుట్టూ ఏ కాలంలో ఏమేం వస్తాయో తెలిస్తే దాన్నిబట్టి వెళ్లొచ్చని ఆశ. ఇంకోటి, నాతో వచ్చే ఫ్రెండ్ ఒకతను నీళ్లలో నిలువునా ఎండిపోయిన చెట్లు చూసి "ఇవి అడవిని చంపేస్తున్నాయి, కట్టకి ఓ గండి కొడితే సరిపోతుంది" అంటున్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు గానీ ఎదురు ఏం చెప్పాలో తోచలేదు. మంచు పడ్డాక వెళ్లడం దండగేనా, అది కూడా చెప్పండి.


గట్టుమీదకొంగ:

మధ్యాహ్నం వెళ్తే కష్టమండి, ఆ వేళకి అవి గూట్లో పడుకుని ఉంటాయి. పొద్దు గుంకడానికి గంట ముందు చేరుకుని పూర్తిగా చీకటి పడేదాకా కూర్చోండి, కుదరకపోతే తెల్లవారుజామున వెళ్లండి. జూన్, జూలై నెలలు అన్నిటికంటే మేలు. పగలు పొడుగు కాబట్టి అవి బయటికొచ్చే వేళకి ఇంకా వెలుతురు ఉంటుంది, పైగా వసంతం చివర పుట్టిన పిల్లలు అప్పటికి పెద్దవాటి వెనకాల ఈదుతూ తిరుగుతుంటాయి. గాలి లేని సాయంత్రం అయితే గూట్లోంచి పిల్లల కుయ్యి కుయ్యి కూడా వినిపిస్తుంది, ఒక్కసారి విన్నారంటే ఇక ఫోటో దొరక్కపోయినా బాధనిపించదు.

బీవర్‌కి చూపు అంతంతమాత్రం, ముక్కూ చెవులూ మాత్రం మహా చురుకు. అందుకని ఏ రంగు చొక్కా వేసుకున్నారన్న దానికంటే గాలి ఎటు వీస్తోందన్నది ముఖ్యం, చెరువు మీద నుంచి మీ వైపు వీచేలా చూసుకోండి. తోకతో నీళ్లమీద ఫెడేల్మని కొట్టి మునిగిందంటే మిమ్మల్ని పసిగట్టినట్టే. అక్కడితో లేచి వచ్చేయకండి, కదలకుండా కూర్చుంటే చాలాసార్లు మళ్లీ తేలుతుంది. అయితే అది ఊపిరి బిగబట్టి 15 నిమిషాల దాకా నీళ్లలో ఉండగలదు, కాబట్టి ఓపిక మీదే.

గూట్లో ఉన్నాయా లేవా అన్నది తెలుసుకోవడం తేలికే. కొరికిన మొదలు తెల్లగా, పసుపుగా తడి తడిగా ఉంటే ఈమధ్యదే, బూడిద రంగుకి తిరిగితే పాతది. బెరడు వలిచేసిన తెల్లటి పుల్లలు నీటి అంచున తేలుతున్నాయా చూడండి, అవి తిని వదిలేసినవి. కట్టమీద నుంచి నీళ్లు ఒకచోట బుడబుడా కారిపోతున్నా రోజుల తరబడి ఎవరూ పూడ్చలేదంటే కాపురం ఖాళీ అయినట్టే అనుకోవచ్చు. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఆకురాలే కాలంలో దొరుకుతుంది. గూటిమీద కొత్త బురద మెత్తి ఉంటుంది, గూటి పక్కనే నీళ్లలో ఆకులతో ఉన్న పచ్చి కొమ్మలు గుంపుగా కనిపిస్తాయి. అది చలికాలానికి దాచుకున్న తిండి. అది కనబడితే ఇంక డౌటే లేదు.

గండి సంగతి: మీ ఫ్రెండ్ ఈ రాత్రి కొడితే రేపు పొద్దున్నకి అవి పూడ్చేస్తాయి, అంతే జరిగేది. నీళ్లు పారే చప్పుడు వింటే వాటికి చేతులు ఊరుకోవు. లార్స్ విల్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1960లలో స్పీకర్లో నీళ్ల చప్పుడు పెడితే బీవర్లు వచ్చి అక్కడ కొమ్మలూ మట్టీ పోగేశాయి. అందుకే దారులు మునిగే చోట్ల కట్ట పగలగొట్టకుండా దాని గుండా పైపు వేసి, పైపు మూతిని చుట్టూ జాలీ కట్టి నీటి అడుగున చప్పుడు రాకుండా పెడతారు. పైగా చాలా చోట్ల అనుమతి లేకుండా బీవర్ కట్టని కదిలిస్తే చట్టప్రకారం నేరం. సరదాకి చేసే పని కాదని ఆయనకి చెప్పండి.


కప్పలకచేరి:

ఎండిన చెట్ల గురించి నేను చెప్తా, ఎందుకంటే ఆ చెరువు దగ్గర అసలు సినిమా అంతా వాటిమీదే నడుస్తుంది. వేళ్లు నీళ్లలో మునిగి గాలాడక ఆ చెట్లు చచ్చిపోయాయి, నిజమే. కానీ చచ్చిన చెట్టు నిలబడే ఉంటుంది, దాంట్లో పురుగులు చేరతాయి, పురుగుల కోసం వడ్రంగి పిట్టలు వచ్చి తొర్రలు చేస్తాయి, ఆ తొర్రలు ఖాళీ అయ్యాక ట్రీ స్వాలో పిట్టలు, వుడ్ డక్, హుడెడ్ మెర్గాన్సర్ అనే బాతులు గుడ్లు పెట్టుకుంటాయి. చుట్టూ నీళ్లు ఉండడంతో గుడ్లు తినే రకూన్ లాంటి జంతువులు చెట్టెక్కడం కూడా తగ్గుతుంది. గ్రేట్ బ్లూ హెరాన్ అనే పెద్ద బూడిద రంగు కొంగ, మీటరుకి పైగా ఎత్తుంటుంది, అది ఇలాంటి మోడుల కొసల మీద గుంపులు గుంపులుగా పుల్లల గూళ్లు కడుతుంది. ఏప్రిల్‌లో ఆకులు రాకముందు బైనాక్యులర్ పెట్టి చూడండి, గూటికి పుల్ల తెచ్చి జంటకి అందిస్తూ కనిపిస్తే ఆ రోజుకి అదే చాలు. వుడ్ డక్ పిల్లలైతే గుడ్డులోంచి బయటపడ్డ మర్నాడే, తల్లి కింద నుంచి పిలవగానే అంత ఎత్తు తొర్రలోంచి ఒకదాని వెనక ఒకటి దూకేస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో వేట వల్ల, అడవులు నరికేయడం వల్ల ఆ బాతులు బాగా తగ్గిపోయాయి. 1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం వచ్చింది, తర్వాత బీవర్లు తిరిగొచ్చి చెరువులు కట్టాయి, రెండూ కలిసి వాటికి కలిసొచ్చాయి. ఇది మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

ఇక వసంతం. అందరూ పచ్చదనం వచ్చాక వెళ్తారు, అది లేటు. మంచు కరగడం మొదలైన వారాల్లో వెళ్లాలి. చెరువు మధ్యలో ఇంకా ఐసు ఉండగానే అంచుల్లో వుడ్ ఫ్రాగ్ అనే కప్పలు మొదలుపెడతాయి, వాటి అరుపు అచ్చం బాతు కూతలా ఉంటుంది, బాతులకోసం వెతికి వెతికి విసుగొస్తుంది. చలికాలమంతా అవి ఆకుల కింద నిజంగానే గడ్డకట్టి, గుండె కూడా ఆగిపోయి ఉండి, కరిగాక లేచొచ్చినవి. వాటితోనే స్ప్రింగ్ పీపర్లు. 2-3 సెంటీమీటర్ల కప్ప, కచేరీ మాత్రం చాలా దూరం నుంచే వినిపిస్తుంది. దగ్గరికి వెళ్లగానే ఠక్కున ఆగిపోతాయి, కూర్చుంటే ఒకటి ధైర్యం చేస్తుంది, తర్వాత మిగతావన్నీ అందుకుంటాయి. జమ్ములో ఎర్ర భుజాల రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ మగపక్షులు ముందొచ్చి జాగాలు పట్టుకుంటాయి. కెనడా గూస్ అనే పెద్ద బాతు ఏకంగా బీవర్ గూటి నెత్తిమీదే గుడ్లు పెట్టుకుని కూర్చుంటుంది, కింద ఓనరుకి పట్టింపు ఉన్నట్టు లేదు.

ఇదే టైమ్‌లో ఒడ్డున చిన్న చిన్న బురద కుప్పలు కనిపిస్తే ఓసారి వాసన చూడండి. బీవర్లు తమ ఒంట్లోంచి వచ్చే కాస్టోరియం అనే ఘాటు వాసన ద్రవం పూసి "ఇది మాది" అని పెట్టే హద్దు గుర్తులవి. రెండేళ్లు నిండిన పిల్లలు ఇల్లు వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ తిరిగే రోజులు కదా, హద్దుల గొడవ ఎక్కువ. ఆ రోజుల్లో రోడ్ల పక్కన కూడా బీవర్ కనిపిస్తుంది.

వేసవి గురించి పైన చెప్పారు. నేను కలిపేది తాబేళ్లు, తూనీగలు, గబ్బిలాలు. ఎండపొడ పడే దుంగ మీద పెయింటెడ్ తాబేళ్లు వరసగా ఉంటాయి, చీకటి పడేముందు గబ్బిలాలు నీళ్లని తాకుతూ పోతాయి. మూస్‌లు (భారీ దుప్పులు) తిరిగే ప్రాంతమైతే తెల్లారే వేళ వెళ్లండి, నీటి మొక్కల్లో సోడియం ఎక్కువని తల ముంచి మరీ తింటాయి.


మంచులోఅడుగులు:

చలికాలం దండగ అని ఎవరన్నారండీ? నాకైతే అదే అసలు సీజన్. బీవర్లు నిద్రాణస్థితిలోకి వెళ్లవు. ఐసు కిందే ఈదుకుంటూ, ముందే దాచుకున్న కొమ్మల దగ్గరికి వెళ్లి ఒకటి తెచ్చుకుని గూట్లో కూర్చుని బెరడు తింటాయి. బాగా గడ్డకట్టే చలి ఉన్న పొద్దున్న గూటి కొస చూడండి, కప్పు మధ్యలో వాటికి గాలి ఆడే సందు ఉంటుంది, అందులోంచి సన్నగా ఆవిరి లేస్తుంది, లేదా ఆ చుట్టూ పుల్లల మీద తెల్లటి మంచు పువ్వులు పట్టి ఉంటాయి. లోపల ఊపిరి పీల్చేవి ఉన్నాయని అంతకంటే రుజువు అక్కర్లేదు.

బీవర్ కనిపించకపోయినా రాత్రి ఎవరెవరు వచ్చిపోయారో మంచు మీద రాసి ఉంటుంది. నీటికుక్క అడుగులు నాలుగు వేసి తర్వాత పొట్టమీద జారిన పొడుగు గీత, మళ్లీ అడుగులు, మళ్లీ గీత, దాన్ని వేరే దేంతోనూ పొరబడలేం. అవి ఒక్కోసారి చలికాలంలో బీవర్ కట్టకే కింద కన్నం చేస్తాయి, నీటిమట్టం తగ్గి ఐసుకీ నీళ్లకీ మధ్య గాలి జాగా ఏర్పడుతుంది, చేపల వేట సులువవుతుంది. కట్ట గట్టున మింక్ (ముంగిసలా ఉండే చిన్న జంతువు), నక్క అడుగులు మామూలే, అది వాటికి వంతెన కదా.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. బీవర్ చెరువు ఐసుని నమ్మకండి. గూటి దగ్గర, కట్ట దగ్గర, అవి రోజూ తిరిగే కాలవల మీద కింద నుంచి నీళ్లు కదులుతూ ఉండటం వల్ల పలచగా ఉంటుంది, పైన మంచు కప్పేసి తేడా తెలియదు. ఆవిరి చూడ్డానికి గూటిదాకా నడవక్కర్లేదు, ఒడ్డు మీద నుంచి బైనాక్యులర్ చాలు.


కెమెరామామ:

కూర్చునే టైమ్ లేనివాళ్లకి ట్రెయిల్ కెమెరా, అంటే ఎదురుగా ఏదైనా కదిలితే తనంతట తానే ఫోటో తీసేది, ఒక్కటే దారి, ఆఫీసు మానేసి రోజూ సాయంత్రం కూర్చోలేం కదా. కొమ్మలు ఈడ్చుకొచ్చిన నున్నటి దారి ఒడ్డున దొరుకుతుంది, అది నీళ్లలోకి దిగే చోటికి గురిపెట్టండి. ఉత్తరం వైపు తిప్పితే ఎండ నేరుగా లెన్స్‌లో పడదు. ముందున్న గడ్డి కాస్త వంచేయండి, లేకపోతే గాలికి ఊగే ఆకు ఫోటోలు వందలకొద్దీ వస్తాయి. చలికాలంలో లిథియం బ్యాటరీలే వేయండి, మామూలువి చలికి చతికిలబడతాయి. ఎవరి స్థలమో కనుక్కుని అడిగి పెట్టండి.


గట్టుమీదకొంగ:

కెమెరా పెట్టండి గానీ దానికోసం కట్ట మీద నడవడం, గూడెక్కడం వద్దు మామా. గూటి పక్కన కెమెరా పెట్టి వారం వారం కార్డు మార్చడానికి వెళ్తుంటే వాటికి అదే పెద్ద టెన్షన్. ఇంకో మాట, కెమెరాలో బీవర్ మాత్రమే పడుతుంది, పీపర్ల కచేరీ ఎప్పుడు మొదలైందో, కొంగలు ఎప్పుడు వచ్చాయో పడదు. వీలున్నంత వరకు ఒకే చోట, ఒకే రాయి మీద కూర్చుని తేదీ, గాలి, ఏం కనిపించింది, ఏం వినిపించింది రాసుకోండి. రెండో ఏడాదికి గానీ దాని విలువ తెలియదు, "ఈసారి కప్పలు వారం ముందొచ్చాయి" అని మీరే అంటారు.


నాచునీళ్లు:

ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నా. ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి అంటుకుంటే కడుపు వారాలపాటు అల్లాడిస్తుంది. గడ్డిలో కూర్చుని లేచాక పిడుదులు పట్టాయేమో ఒళ్లంతా చూసుకోండి. లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ల పిడుదు పిల్లలు వేసవి మొదట్లో గసగసాలంత ఉంటాయి, కనబడవు. ప్యాంటు సాక్సులోకి దోపుకుంటే చూడ్డానికి బాగోదు, అయినా దోపుకోండి.


కొత్తబైనాక్యులర్:

అందరికీ థాంక్సండి, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న సాయంత్రం వెళ్లి చీకటి పడేదాకా కూర్చున్నా. గూటి వైపు నుంచి ఒకటి ఈదుకుంటూ వచ్చింది! గోధుమ రంగు, తలతోపాటు వీపు కూడా నీళ్లపైకే కనిపించింది, వెనకాల సన్నటి తోక అటూ ఇటూ ఊగుతోంది. బీవరేనా?


కప్పలకచేరి:

అది మస్క్‌రాట్ అండి, నీళ్లలో ఉండే ఎలుకజాతిదే, బీవర్ కంటే చాలా చిన్నది. తోక సన్నగా పాములా ఊగిందంటే బీవర్ కాదు, బీవర్ ఈదేటప్పుడు సాధారణంగా ఒక్క తలే పైకి కనిపిస్తుంది, తోక పళ్లెంలా వెడల్పు. సైజులో కూడా చాలా తేడా, మస్క్‌రాట్ రెండు కిలోలు కూడా ఉండదు, పెద్ద బీవర్ 16 నుంచి 30 కిలోలు. కానీ గూటి వైపు నుంచే వచ్చిందంటున్నారు కదా, మస్క్‌రాట్‌లు చాలాసార్లు బీవర్ గూట్లోనే ఓ పక్కన చేరి కాపురం ఉంటాయి, కాబట్టి నిరాశపడకండి. దూరంగా ఉంటే చీకట్లో వీపు సరిగా తెలియదు, అది నీళ్లలో గీసే గీత చూడండి, బీవర్‌ది వెడల్పుగా, నిదానంగా వస్తుంది.


కొత్తబైనాక్యులర్:

అయితే శనివారం మళ్లీ వెళ్తా. ఈసారి గాలి చూసుకుని అటు పక్క ఒడ్డున కూర్చుంటా. గండి ఫ్రెండ్ కూడా వస్తానంటున్నాడు, కొంగ గూళ్లు చూపిస్తానని చెప్పా.